గుట్ట ఎక్కే ముందు ఊరి పేరు, దిగే దారి కాగితం మీద రాసుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం పేజీలో మన పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గుట్టల ఫొటోలు వేస్తున్నారు, కింద దారి ఎటు, ఎంత దూరం అని నాలుగు ముక్కలు రాస్తున్నారు. ఫొటోలు చాలా బాగుంటున్నాయి. నాకూ ఈ గుట్టలంటే ప్రాణం, తొమ్మిదేళ్లుగా తాడు కట్టుకుని ఎక్కుతున్నాను. కానీ ఆ నాలుగు ముక్కల్లో ఎక్కడా, పైన ఒకరి కాలు విరిగితే కిందికి ఎట్లా తేవాలి, అంబులెన్సుకు ఏ ఊరి పేరు చెప్పాలి అన్న సంగతి ఉండట్లేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, చోటు చాలకపోతే తాళ్ల గురించి రాసింది తీసేయండి, ఊరి పేరు గురించి రాసింది మాత్రం దయచేసి ఉంచండి.

మూడేళ్ల కింద సంక్రాంతి సెలవుల్లో మేం ఐదుగురం దేవరకొండ వైపు ఒక గుట్టకు పోయాం. రోడ్డు నుంచి బండి బాట, బండి బాట నుంచి చెలకల గట్ల మీద నడక, ఆ తర్వాత సీతాఫలం చెట్ల మధ్య మేకల దారి, మొత్తం 40 నిమిషాలు. ఎక్కడం అంతా బాగా జరిగింది. తాళ్లు చుట్టేశాం, హార్నెస్‌లు, అంటే తాడు తగిలించే నడుము పట్టీలు, విప్పేశాం, ఇక ఇంటికి పోవడమే అనుకుని దిగుతుంటే మా స్నేహితుడు ఒకడు పరుపు బండ మీద ఉన్న ఇసుక లాంటి సన్న రాళ్లపై కాలు వేసి జారాడు. పడింది మనిషి ఎత్తు కూడా ఉండదు. మడమ దగ్గర ఎముక విరిగింది, పాదం పక్కకు తిరిగిపోయింది. అప్పుడు టైం 3 గంటల 40 నిమిషాలు. ఎవరి ఫోన్‌లోనూ సిగ్నల్ లేదు.

ఒకరం కిందికి ఉరికాం. ఊరి దగ్గరికి వచ్చాక ఫోన్ కలిసింది, అంబులెన్సు వాళ్లు ఊరి పేరు అడిగారు, చెప్పాం. మండలం అడిగారు. మాకు తెలియదు. ఫోన్ మ్యాప్‌లో చూసిన పేరే చెప్పాం తప్ప ఆ పేరుతో ఇంకో ఊరు పక్క మండలంలో ఉందన్న సంగతి మాలో ఒక్కరికీ తెలియదు, పైగా మేమున్నది ఊరు కూడా కాదు, దాని తండా. బండి అక్కడికి పోయి మా కోసం వెతికి, మళ్లీ ఫోన్ చేసి, తిరిగి ఇటు వచ్చేసరికి గంటకు పైనే పోయింది. తప్పు పూర్తిగా మాది.

ఈలోపు తండా నుంచి ఎనిమిది మంది వచ్చారు. మేం పిలవలేదు, మేకలు కాసే ఒక తాత చూసి కబురు చేశాడు. వాళ్లు ఒక నులక మంచం తెచ్చారు. విరిగిన కాలికి రెండు వైపులా కర్రలు పెట్టి తువ్వాలతో కట్టి, మంచం మీద పడుకోబెట్టి, మా తాడుతోనే మంచానికి కట్టి మోశారు. పైకి 40 నిమిషాలు పట్టిన దారి కిందికి రెండున్నర గంటలైంది. జనవరి కదా, ఆరింటికల్లా పొద్దుగూకింది. మా ఐదుగురి దగ్గర కలిపి తల లైటు ఒక్కటే ఉంది, మిగతావి సెల్‌ఫోన్ లైట్లు, వాటిలోనూ ఛార్జింగ్ అయిపోతోంది. దారిలో బండ సందు పక్క నుంచి పోతుంటే తాత అందరినీ గట్టిగా మాట్లాడమన్నాడు. "పొద్దుగూకినంక ఈ సందుల ఎలుగొడ్డు తిరుగుతది బిడ్డా, సప్పుడు చేసుకుంట పోవాలె" అన్నాడు. పొద్దున మేం అదే సందు దగ్గర కూర్చుని టిఫిన్ చేశాం.

స్నేహితుడికి ఆపరేషన్ అయింది, ప్లేటు వేశారు, ఇప్పుడు నడుస్తున్నాడు, కానీ మళ్లీ ఎక్కలేదు. ఆ రోజు విరిగింది మడమ కాబట్టి సరిపోయింది. తలకు దెబ్బ తగిలి ఉంటే, లేదా రక్తం కారుతూ ఉంటే, ఆ గంటా గంటన్నర ఏమై ఉండేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది ఏంటంటే, ట్రిప్ ప్లాన్ అని మేం చేసిందంతా ఎక్కడం గురించే. ఎన్ని తాళ్లు, ఏ గోడ, ఎవరు ముందు ఎక్కాలి, తిండి ఏంటి, ఫొటోలు ఎవరు తీయాలి. ఒకరు నడవలేని స్థితిలో ఉంటే ఏం చేయాలన్నది ఐదుగురిలో ఒక్కరం కూడా మాట్లాడలేదు. భువనగిరి బండ మీద నేర్చుకున్న అలవాటు అది. అక్కడ రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది, నేర్పే వాళ్లు కింద నిలబడి ఉంటారు, బండ కిందే టౌన్, రోడ్డు, రైల్వే స్టేషన్, ఆస్పత్రి అన్నీ ఉన్నాయి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట తాడు పట్టింది ఆ బండ మీదే, వాళ్ల ఫొటోలు చూసి మా లాంటి వాళ్లం ఎంతోమందిమి అక్కడికి పోయాం. ఆ పిల్లలు నెలల తరబడి శిక్షణ తీసుకున్నాకే మంచు కొండల దాకా పోయారు. మేమేమో మొదట్లో భువనగిరిలో నాలుగు శనివారాలు ఎక్కి, ఆ తర్వాతి వారమే సెల్ సిగ్నల్ లేని గుట్టకు పోయాం.

ఊరి పేరు సంగతి మన జిల్లాల్లో మామూలు చిక్కు కాదు. 2016 అక్టోబర్‌లో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, పాత మహబూబ్‌నగర్ నాలుగైంది, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. గుట్ట నల్లగొండ జిల్లాదని మనం అనుకుంటాం, కాగితాల్లో అది యాదాద్రి భువనగిరిలోనో సూర్యాపేటలోనో ఉంటుంది. 2018లో ఎన్నో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి, మ్యాప్‌లో ఇంకా పాత పేర్లే కనిపించవచ్చు. ఇక గుట్టలకైతే ఇటు ఊరివాళ్లు ఒక పేరు, అటు ఊరివాళ్లు ఇంకో పేరు పెట్టుకుంటారు. ఎండలో, టెన్షన్‌లో, పక్కన మనిషి మూలుగుతుంటే ఇవన్నీ గుర్తుకు రావు. అందుకే నేను ఇప్పుడు ఒక కాగితం రాసి అందరి జేబుల్లో ఒక్కొక్కటి పెట్టిస్తాను. అందులో గుట్టకు ఊరివాళ్లు పిలిచే పేరు, ఊరు లేదా తండా, గ్రామ పంచాయతీ, మండలం, ఇప్పటి జిల్లా, తారు రోడ్డు దిగే చోట ఉన్న గుర్తు, అది గుడి కావచ్చు, వాటర్ ట్యాంకు కావచ్చు, మ్యాప్‌లో ఆ చోటుకు వచ్చే అక్షాంశ రేఖాంశ అంకెలు, అంబులెన్సు ఎక్కడి దాకా రాగలదో ఆ చోటు, 108, 112 నంబర్లు, దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రి. ఫోన్‌కు సిగ్నల్ లేకపోయినా ఆ అంకెలు చూపిస్తుంది, కాబట్టి మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు. ఇదే కాగితం ఇంకోటి మా అక్క దగ్గర ఉంటుంది, కింద "సాయంత్రం 7 లోపు నా ఫోన్ రాకపోతే 112కి చేసి ఇది చదువు" అని రాసి ఉంటుంది. ఆమె నిజంగా చేస్తుంది, నాకా నమ్మకం ఉంది. అలాంటి మనిషికే కాగితం ఇవ్వాలి.

రెండోది, గుట్ట కింద ఊరివాళ్లతో మాట్లాడటం. వీలైతే వారం ముందు ఒకసారి ఊరికే చూసి రావాలి, తాళ్లు లేకుండా. సర్పంచ్‌కో, కిరాణా కొట్టు దగ్గరున్న పెద్దమనుషులకో మేం ఫలానా రోజు ఇంతమందిమి వస్తాం, ఇంతసేపుంటాం అని చెప్పి రావాలి. లేకపోతే పట్నం పిల్లలు రాతిలో బోల్టులు వేసే డ్రిల్లు, తాళ్లు పట్టుకుని గుట్ట మీద తిరుగుతుంటే వాళ్లు ఏమనుకోవాలి? గుప్తనిధుల కోసం తవ్వే వాళ్లనుకుంటారు, అనుకోవడం న్యాయమే. మాట్లాడితే మనకు ఏ మ్యాప్‌లో లేని విషయాలు తెలుస్తాయి. సెల్ ఎక్కడ అందుతుంది, వానకు ఏ వాగు దాటలేం, ఏ బండ సందులో ఎలుగొడ్డు ఉంటుంది, చిరుత జాడ కనిపించిందా, పక్క క్వారీలో ఏ టైంకు పేలుస్తారు, తేనెతుట్టెలు ఎటు వైపు పడ్డాయి, ఇవన్నీ మేకల కాపరి దగ్గర ఉన్న సమాచారం. సీతాఫలాల కాలంలో ఊరంతా గుట్టల మీదే ఉంటుంది, వాళ్లకు తెలియని సందు ఉండదు. అవసరమొస్తే మోసేది కూడా వాళ్లే, ఇది నేను కళ్లారా చూశాను.

తేనెతుట్టెల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన గుట్టల మీద నాకు ఎత్తు కంటే వాటి భయమే ఎక్కువ. ముందుకు వంగిన పెద్ద బండల కింద నల్లగా సగం చందమామ ఆకారంలో వేలాడుతుంటాయి, అవి కొండ తేనెటీగలు, పెరటి జుంటి తేనె పురుగులు కావు. పొగ, చప్పుడు, రాయి దొర్లడం, ఏదైనా వాటిని లేపుతుంది. నేల మీద ఉన్నవాళ్లు ముఖం కప్పుకుని పరుగెత్తవచ్చు, తాడు మీద సగం గోడలో వేలాడేవాడు ఎటు పోతాడు? అందుకే తుట్టె కనిపించిన గోడను ఆ రోజుకు వదిలేయాలి. పోయినసారి లేదు కాబట్టి ఇప్పుడూ ఉండదు అనుకోకూడదు, అవి కాలాన్ని బట్టి వచ్చిపోతుంటాయి. పొద్దున్నే చేరి, కింద నుంచి గోడ మొత్తాన్ని కళ్లతో వెతికి, ఆ తర్వాతే తాడు విప్పాలి.

పాముల సంగతి మనకు కొత్త కాదు. రక్తపింజర, కట్లపాము, నాగుపాము, చిన్నపొడపాము నాలుగూ మన వైపు ఉన్నాయి. చెయ్యి పెట్టే పగులులో ముందు కళ్లు పెట్టి చూడాలి. కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు కోసం తిరగడం ఏదీ చేయకుండా, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు ఆ కాలో చెయ్యో కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుపోయి ఆస్పత్రిలో చేర్చాలి. పాము మందు ఏ ఆస్పత్రిలో ఉందో బయలుదేరే ముందు రోజే ఫోన్ చేసి కనుక్కుని ఆ కాగితం మీద రాసుకోవాలి.

ఎంతమంది పోవాలి అని చాలామంది అడుగుతుంటారు. మారుమూల గుట్టకైతే నలుగురికి తక్కువ వద్దంటాను. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గర కూర్చోవాలి, ఇద్దరు కలిసి కిందికి పోవాలి, ఒంటరిగా ఉరికేవాడు ఇంకో చోట జారి పడవచ్చు. ఇద్దరే పోతే, పడినవాణ్ణి వదిలేసి రెండోవాడు పోవాల్సిందే, లేదా ఇద్దరూ అక్కడే కూర్చోవాల్సిందే. మనిషికి 4 లీటర్ల నీళ్లు, ఒక తల లైటు, ఒక విజిల్ ఉండాలి. బండ మీది దొనల్లో నీళ్లుంటాయిలే అని పోవద్దు.

కాలం గురించి. దీపావళి నుంచి శివరాత్రి దాకా మన గుట్టలు ఎక్కడానికి మంచి రోజులు. ఆ తర్వాత బండ కాలిపోతుంది, చెయ్యి పెట్టలేం, బూట్ల రబ్బరు మెత్తబడి పట్టు పోతుంది, అన్నిటికంటే ముఖ్యంగా వడదెబ్బ తగిలినవాణ్ణి నీడ లేని బండ మీద నుంచి దించడం నరకం. వానాకాలంలో బండ మీద కనిపించే నల్ల చారలు నీళ్లు కారే దారులు, ఎండినప్పుడు ఏమీ అనిపించదు, నాలుగు చినుకులు పడితే సబ్బు రాసినట్టు ఉంటుంది. ఉరుము వినపడితే ఇంకొక్క ప్రయత్నం అనకుండా దిగిపోవాలి. బోడి గుట్ట మీద పిడుగుకు అన్నిటికంటే ఎత్తుగా ఉండేది మనమే.

మన రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, గట్టిదే, కానీ ఎండకు వానకు ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడుస్తుంది. చేతికి అందిన పలకను లాగే ముందు పిడికిలితో కొట్టి చూడాలి, కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అట్లా. బోలుగా మోగితే దాన్ని పట్టుకోవద్దు, దాని కింద ఎవరినీ నిలబడనివ్వద్దు. అందుకే హెల్మెట్ ఎక్కేవాడికే కాదు, కింద తాడు పట్టుకున్నవాడికి కూడా కావాలి. క్వారీ కోసి వదిలేసిన గోడల జోలికి అసలు పోవద్దని నా అభిప్రాయం, పేల్చినప్పుడు లోపల ఎక్కడెక్కడ పగిలిందో పైకి కనిపించదు. నల్లమల వైపు రాయి వేరు, అటు పలకలు పలకలుగా ఉంటుంది, పైగా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు. దేవరకొండ, భువనగిరి కోట గోడలకు, బురుజులకు డ్రిల్లు పెట్టడం చట్ట ప్రకారం తప్పు, చట్టం లేకపోయినా తప్పే.

తాడు. బోరు మోటారు దించే నైలాను తాడుతో గుట్ట ఎక్కుతున్న పిల్లల్ని నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఆపాను. అది బరువు మోస్తుంది, నిజమే, కానీ పడుతున్న మనిషిని సాగి ఆపుకునేలా చేసింది కాదు, ఆ దెబ్బ నడుముకు, యాంకర్‌కు, అంటే పైన తాడును రాతికి బిగించిన చోటుకు, తగులుతుంది. క్లైంబింగ్ కోసం చేసిన సాగే తాడు, దాని మీద ప్రమాణాల ముద్ర చూసి కొనాలి, ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన, బండి డిక్కీలో పెట్రోల్ సీసా పక్కన పెట్టకూడదు. పైన యాంకర్ వేసి కింద నుంచి పట్టుకునేటప్పుడు 60 మీటర్ల తాడు 30 మీటర్ల లోపు గోడకే సరిపోతుంది, ఎందుకంటే అది పైకి పోయి కిందికి రావాలి. గోడ ఎత్తు కంటితో అంచనా వేసి మోసపోతాం, అందుకే తాడు కొసకు ముడి వేయకుండా ఎవరినీ దించకూడదు, తాడు మీద జారి దిగేటప్పుడు కూడా రెండు కొసలకూ ముడి ఉండాలి. ముడి లేని కొస చేతుల్లోంచి జారిపోయి చనిపోయినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా. యాంకర్ ఒక్కదాని మీద ఆధారపడొద్దు, రెండు ఉండాలి. పగులులో మొలిచిన రావి మొక్క ఎంత పచ్చగా ఉన్నా దాని వేరు జానెడే కావచ్చు, దానికి తాడు కట్టొద్దు. రాతి అంచు మీద తాడు ఒరుసుకునే చోట గోనెసంచి మడత పెట్టాలి. రాతిలో దిగ్గొట్టిన పాత బోల్టు కనిపిస్తే ఎవరో వేశారు కదా అని వేలాడొద్దు, తుప్పు పట్టిందా, కదులుతోందా చూడాలి, అనుమానం ఉంటే వదిలేయాలి. ఎక్కే ప్రతిసారీ, పదో సారైనా సరే, ఒకరి ముడి, హార్నెస్ బకిల్ ఇంకొకరు చేత్తో ముట్టుకుని చూడాలి.

ఇంకొక మాట, మేం దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి. తిరిగి దిగే టైం పొద్దున్నే నిర్ణయించుకోవాలి. మేం ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికి తాళ్లు చుట్టేస్తాం, ఇంకో గోడ మిగిలిపోయినా సరే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే. ఏదైనా జరిగితే చేతిలో నాలుగు గంటల వెలుతురు ఉంటుంది. దిగేటప్పుడు హెల్మెట్ తీయం, బూట్ల లేసులు మళ్లీ కట్టుకుంటాం, పరుపు బండ మీద వాలు ఎక్కువుంటే నడిచే చోట కూడా తాడు వేస్తాం. కొత్తవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

సంపాదకులు గారూ, మీ నుంచి నేను కోరేది ఒక్కటే. గుట్ట ఫొటో వేసిన ప్రతిసారీ దాని కింద ఊరు, గ్రామ పంచాయతీ, మండలం, ఇప్పటి జిల్లా, దగ్గరి ఆస్పత్రి, అంబులెన్సు రాగలిగే చోటు, ఈ ఆరు విషయాలు వేయండి. మీ విలేకరులు ప్రతి మండలంలో ఉన్నారు, వాళ్లకు ఇది ఒక్క పూట పని. ఇవి తెలియని గుట్టైతే దారి మాత్రం వేయకండి. దీపావళి ముందు ఆదివారం నుంచే మొదలుపెడితే బాగుంటుంది, ఆ తర్వాత ప్రతి శని, ఆదివారాలు బండ్లు బయలుదేరతాయి.

ఆ తండాకు మేం ఉగాదికి పోయి కొత్త నులక ఇచ్చి వచ్చాం, పాతది ఆ రోజు మా తాడు బిగించినప్పుడు తెగిపోయింది. తాత తీసుకోనన్నాడు, వాళ్ల కోడలు తీసుకుంది. మంచం ఇప్పటికీ వాళ్ల ఇంటి ముందు వేప చెట్టు కిందే ఉంటుంది. మేం ఎప్పుడు పోయినా ముందు అక్కడ ఆగి, ఎంతమందిమి వచ్చామో, ఎప్పుడు దిగుతామో చెప్పి పోతున్నాం.

ఇట్లు,
మీ పాఠకుడు, నల్లగొండ